ఆ బొమ్మ ఎప్పటిదండీ?

సంపాదకులు గారికి,

ఆదివారం అనుబంధంలో నియాండర్తల్ మానవుల మీద, అంటే ఒకప్పుడు యూరప్, పశ్చిమాసియాల్లో బతికి అంతరించిన ఆదిమానవ జాతి మీద, మీరు వేసిన వ్యాసం ఆలస్యంగా చదివాను. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. నడుం వంగిపోయి, దుడ్డుకర్ర పట్టుకుని, నోరు వెళ్ళబెట్టుకున్న ఆ బొమ్మ ఎక్కడ దొరికిందండీ మీకు? 1908లో ఫ్రాన్స్‌లోని లా షపెల్ ఓ సాన్‌లో ఒక ముసలి నియాండర్తల్ అస్థిపంజరం బయటపడింది. మార్సెలిన్ బూల్ అనే పండితుడు దాన్ని చూసి వాళ్ళ జాతి మొత్తం అలాగే వంగి నడిచేదని తేల్చేశాడు. పాపం ఆ ముసలాయనకు కీళ్ళవాతమని, ఆరోగ్యంగా ఉన్న నియాండర్తల్ మనలాగే నిటారుగా నడిచేవాడని 1957లోనే ఆ ఎముకలను మళ్ళీ పరీక్షించినవాళ్ళు చెప్పారు. మీ డెస్కుకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

బుర్ర లేకే అంతరించారని రాయడం ఇంకా ఘోరం. వాళ్ళ మెదడు పరిమాణం మనదానికి ఏమీ తీసిపోదు. బర్చ్ చెట్టు బెరడును కాల్చి జిగురు తీసి, రాతి మొనలను కర్రలకు అతికించుకున్నవాళ్ళు వాళ్ళు. ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన ఒకాయనకైతే కుడిచెయ్యి చచ్చుబడి ఉంది, ఒక కన్ను దెబ్బతింది. అయినా నలభై దాకా బతికాడంటే పక్కనున్నవాళ్ళు చూసుకోబట్టే కదా! పింఛను కోసం వికలాంగులను ఆఫీసుల చుట్టూ తిప్పే మనం వాళ్ళను మోటువాళ్ళంటున్నాం.

పైగా వాళ్ళు పూర్తిగా పోలేదు కూడా. 2010లో జన్యుశాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం నియాండర్తల్ జన్యుక్రమాన్ని బయటపెట్టింది. ఆఫ్రికా బయటి మనుషుల్లో ఒకటి రెండు శాతం డీఎన్ఏ వాళ్ళదే. ఆయనకు 2022లో నోబెల్ వచ్చినప్పుడు మీరే వార్త వేశారు! కోవిడ్‌ను ముదరబెట్టే ఒక జన్యుభాగం వాళ్ళ నుంచే వచ్చిందని, దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది ఉందని 2020లో తేలింది. ఇంత దగ్గరి చుట్టాల గురించి అంత తేలిగ్గా రాసేస్తారా?

ఇంకో సంగతి. ఆదిమానవుడంటే యూరప్ గుహలే గుర్తొస్తాయి మీకు. మా బనగానపల్లె పక్కన జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉంది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు, దాదాపు 74 వేల ఏళ్ళ కిందట, ఎగిరొచ్చిన బూడిద అక్కడ పొరగా పేరుకుపోయింది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు నిలదొక్కుకున్నారని పురావస్తు శాస్త్రవేత్తలు పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ వాళ్ళు 2007లో ప్రకటిస్తే ప్రపంచమంతా చర్చ జరిగింది. ఆ పనిముట్లు చేసిందెవరన్నది ఇంకా వాదనలోనే ఉంది, వాటిని చేసినవాళ్ళ ఎముకలేవీ దొరకలేదు.

మరి మనం ఏం చేశాం? ఆ బూడిదను తవ్వి డిటర్జెంట్ పౌడర్లలో కలపడానికి అమ్ముకున్నాం! ఈ సంగతి ఒక అధికారి దగ్గర ఎత్తితే అక్కడ బంగారమేమైనా పడిందా అని అడిగారు. లేదనగానే ఆయనకు వేరే ఫైలు గుర్తొచ్చింది. నాయకుల విగ్రహాలకైతే రాత్రికి రాత్రే స్థలం దొరుకుతుంది, నిధులూ దొరుకుతాయి.

ఆ బొమ్మకు సవరణ వేయండి, మూలన చిన్న అక్షరాల్లో కాకుండా. వీలైతే ఒక విలేకరిని జ్వాలాపురం పంపండి. మిగిలిన బూడిద కూడా లారీ ఎక్కకముందే పంపితే మంచిది.

- ఒక పాఠకుడు, బనగానపల్లె