కూర్చోవడానికి చట్టం వచ్చింది, కళ్ళకు రాదా?

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల్లో కళ్ళ మంట, తలనొప్పి, సాయంత్రానికి చూపు మసకబారడం మామూలైపోయాయి. ఎవరికి చెప్పినా ‘బ్లూ కట్ కళ్ళజోడు పెట్టుకో’ అంటారు, అంటే కంప్యూటర్ తెర నుంచి వచ్చే నీలి కాంతిని అడ్డుకునే అద్దాలు. ఆ అద్దాల మీద జరిగిన 17 పరీక్షలను వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో సమీక్షించింది. కంప్యూటర్ వాడేవాళ్ళ కంటి అలసటకు మామూలు అద్దాలకన్నా వాటివల్ల ఎక్కువ మేలేమీ కనబడలేదట. షాపుల వాళ్ళకు తప్ప.

అసలు గొడవ రెప్పది. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు దాకా రెప్ప వేసేవాళ్ళం, తెర ముందు కూర్చుంటే అందులో సగం కూడా వేయం. కన్నీటి పొర ఆరిపోతుంది. పైనుంచి ఏసీ గాలి ముఖానికే కొడుతుంటే ఇక చెప్పాలా? చూపును దగ్గర్లో నిలిపి ఉంచే కంటి కండరానికీ గంటల తరబడి సడలింపు ఉండదు. అందుకే 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతలికి, 20 సెకన్లు చూడమని డాక్టర్లు చెబుతారు. ఎదురుగా గోడ, పక్కన గోడ ఉన్న క్యూబికల్‌లో 20 అడుగులు ఎక్కడినుంచి వస్తాయి? కీబోర్డు మీద చెయ్యి ఆగితే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పెట్టిన చోట కిటికీ వైపు చూస్తూ కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? యోగా దినోత్సవం నాడు మాత్రం కంటి వ్యాయామాలు చేయించి ఫొటోలు తీసుకుంటారు.

రంగనాథన్ వీధి కొట్లలో రోజంతా నిలబడేవాళ్ళ కాళ్ళ నొప్పులూ ఒకప్పుడు వాళ్ళ సొంత బాధే. 2021లో తమిళనాడు ప్రభుత్వం దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి, సిబ్బందికి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. 1947లో వచ్చిన ఆ చట్టంలో నాలుగు గంటల పని తర్వాత గంట విరామం అని రాశారు. అప్పటికి తెరలెక్కడివి? తెర ముందు పనిచేసేవాళ్ళకు మధ్యమధ్య విరామం, కంటి పరీక్ష ఇవ్వాలని ఐరోపా దేశాలు 1990లోనే నిబంధన పెట్టుకున్నాయి.

మనకూ అలాంటి సవరణే కావాలి. గంటకు ఐదు నిమిషాలు తెర ముందునుంచి లేచే వీలుండాలి, ఆ సమయాన్ని పనిగంటల్లోనే లెక్కవేయాలి. ఏడాదికోసారి యాజమాన్యం ఖర్చుతో కంటి పరీక్ష చేయించాలి. పెద్ద జీతాల ఇంజినీర్ల కోసమే నేనిది అడగడం లేదు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి నైట్ షిఫ్టుల్లో మెడికల్ బిల్లింగ్, డేటా ఎంట్రీ చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఫీజుతోపాటు ఒక రోజు జీతమూ పోతుంది. కార్మిక శాఖ ముందుగా వాళ్ళ సంగతి చూడాలి.

— ఒక పాఠకురాలు, పెరుంగుడి, చెన్నై