మందు రాసేముందు ఒక్క మాట చెప్పించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నాకు 41 ఏళ్లు. రెండేళ్లుగా పిల్లల కోసం మందులు వాడుతున్నాను. ఆ మందులు వద్దని అనను, నా ఆశంతా వాటి మీదే. నా గోడల్లా ఒకటే: ఏ మందు ఒంటిని ఏం చేస్తుందో ముందుగా ఎవరూ చెప్పడం లేదు.

మొదట అండం విడుదలయ్యేందుకు ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర, 50 మిల్లీగ్రాములు, ఐదు రోజులు వేసుకోమన్నారు. నాలుగో రోజుకి కళ్ల ముందు మెరుపులు, అక్షరాలు అలుక్కుపోయాయి. చూపు తేడా వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలట. ఆ సంగతి నాకు కళ్ల డాక్టరు చెబితే తెలిసింది.

అంతకంటే కుంగదీసింది ఇంకొకటి. ఒళ్లంతా ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, ఊరికే ఏడుపు. ఈ వయసులో ఆవిర్లొస్తే ఏమనుకుంటాం? ముట్లుడిగిపోతున్నాయనే కదా! ఇక నాకు బిడ్డ లేదనుకుని వారం రోజులు ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చాను. అది మాత్ర వల్లేనని ఒక్కరు చెప్పి ఉంటే చాలు.

తర్వాత గర్భం నిలబడేందుకు ఇచ్చే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను మందు. రొమ్ముల నొప్పి, నిద్రమత్తు, కడుపుబ్బరం. అన్నీ నెల తప్పిన గుర్తులే! పేరు కూడా అనేసుకున్నాను. పరీక్షలో లేదని తేలాక, ఆ గుర్తులు మందువేనన్నారు. ఆ మాట ముందే చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

అండాలు పెరిగేందుకు సూదులు వేసుకున్న నెలలో పొట్ట ఉబ్బి, ఒక్క రోజులో కిలోకు పైగా బరువు పెరిగాను. మూత్రం తగ్గింది, ఆయాసం వచ్చింది. రాత్రి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆసుపత్రిలో ఎవరూ ఎత్తలేదు. అండాశయాలు మందుకు అతిగా స్పందిస్తే ఇలా అవుతుందని, ముదిరితే రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉందని తెల్లారాక చెప్పారు. "మీ వయసులో అరుదు, అందుకే చెప్పలేదు" అన్నారు. అరుదైనది నాకు వచ్చింది కదండీ. ఈ మందులతో కవలలు పడే అవకాశం పెరుగుతుందని, ఈ వయసులో కవలల కాన్పంటే బీపీ, షుగరు ముప్పు ఎక్కువని కూడా నాకు ఎవరూ చెప్పలేదు.

"ఆలస్యంగా మొదలుపెట్టారు, ఓర్చుకోవాలి" అని నర్సమ్మ అంది. ఓర్చుకుంటానండీ. దేన్ని ఓర్చుకోవాలో, దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలో తెలియాలి కదా!

ప్రతి మందుతో పాటు తెలుగులో ఒక కాగితం ఇప్పించండి. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఒకటి దాని మీద ఉండాలి. మూడు ఉత్తరాల్లోనూ అడిగింది ఇదే.

వచ్చే నెల నాకు మళ్లీ సూదులు మొదలవుతాయి. ఆలోగానైనా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఇంకా ఆశ వదలని ఒక మహిళ