స్టాకు లేని రోజులనూ ఇండెంట్‌లో లెక్కించాలి

సంపాదకులకు,

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో షుగరు, బీపీ బిళ్లలు లేవని పత్రికలో వార్త వస్తుంది. మర్నాడే ‘కొరత ఏమీ లేదు, ఇండెంట్ (ఆరోగ్య కేంద్రం ఎన్ని మందులు కావాలో రాసి పంపే పత్రం) ప్రకారం పంపాం’ అని అధికారుల వివరణ వస్తుంది. చాలాసార్లు ఈ రెండూ నిజమే. తిరకాసు ఇండెంట్ తయారయ్యే తీరులో ఉంది.

నిరుడు ఎంత ఖర్చయిందో చూసి, దానిమీద ఐదో పదో శాతం కలిపి ఇండెంట్ వేయడం మామూలైపోయింది. ఒక పీహెచ్‌సీలో షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ బిళ్లలు ఏడాదిలో 27,000 ఖర్చయ్యాయనుకుందాం. అందులో 95 రోజులు స్టాకు సున్నా. అంటే ఆ 27,000 బిళ్లలూ 270 రోజుల్లోనే అయిపోయాయి, రోజుకు వంద చొప్పున. ఏడాదికి అసలు కావలసింది 36,500. పది శాతం కలిపి 29,700 అడిగితే ఇంకా 6,800 తక్కువ. ఏడాది మొదలవకముందే 68 రోజుల కొరతను మన చేత్తో మనమే రాసిపెట్టామన్నమాట. పై ఏడు ఇదే లెక్క మీద మళ్లీ పది శాతం.

ఖర్చయిన మొత్తాన్ని స్టాకు ఉన్న రోజులతో భాగించి 365తో గుణిస్తే సగం చిక్కు తీరుతుంది. అన్నిటికీ ఇది పనికిరాదు. ఏడాదిలో సగానికి పైగా దొరకని మందుకు ఈ లెక్క ఉబ్బిపోతుంది, ఎందుకంటే సరుకు దిగిన వారంలోనే అందరూ వచ్చి పట్టుకెళతారు. నెలకు సరిపడా ఇవ్వాల్సిన వాళ్లకు పది రోజులవి ఇచ్చి సర్దే చోట స్టాకు సున్నాకు రాదు, కొరత కాగితం మీద కనబడదు. ఇలాంటి మందులకు ఎన్‌సీడీ (షుగరు, బీపీ వంటి అంటువ్యాధులు కాని జబ్బుల) రిజిస్టరే ఆధారం: ఎందరు వస్తున్నారు, ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని బిళ్లలు. అయితే రిజిస్టరులో పేరున్న వాళ్లందరినీ కలిపితే గడువు తీరిన డబ్బాలు మిగులుతాయి. గత మూడు నెలల్లో ఒక్కసారైనా వచ్చిన వాళ్లను మాత్రమే తీసుకోవాలి.

ఎంత అడగాలన్నదాంట్లోనూ పొరపాటు ఉంది. నెలకు 3,000 బిళ్లలు పట్టే చోట మూడు నెలలకోసారి ఇండెంట్ వేస్తే 9,000 అడుగుతున్నారు. ఇండెంట్ పెట్టాక సరుకు చేరడానికి ఒక నెల, అనుకోని ఆలస్యానికి మరో నెల కలపాలి. మొత్తం ఐదు నెలలకు 15,000. ఇందులోంచి చేతిలో ఉన్న స్టాకుతోపాటు, ముందే అడిగి ఇంకా అందని సరుకునూ తీసేయాలి. ఈ రెండోది తీసేయడం మరిస్తే సరుకు రెట్టింపు వచ్చిపడుతుంది. పక్క పీహెచ్‌సీకి లేని మందు ఇక్కడ గడువు తీరి పడి ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

సరుకు చేరడానికి పట్టే కాలం కూడా అన్ని మందులకూ ఒకటి కాదు. సెలైన్, ఇంజెక్షన్లలో సూక్ష్మక్రిములు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షకు ల్యాబ్‌లో కనీసం 14 రోజులు కావాలి. దీన్ని కుదించడానికి వీల్లేదు. శాంపిల్ పంపడం, రిపోర్టు రావడం, బ్యాచ్‌ను విడుదల చేయడం దీనికి అదనం. జూన్‌లో జ్వరాలు మొదలయ్యాక సెలైన్‌కు ఆర్డరు పెట్టి లాభం లేదు. ఏప్రిల్‌కల్లా పెట్టాలి.

కుక్కకాటు టీకా లెక్క వేరు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఒక్కో విడతకు 0.2 ఎంఎల్ పడుతుంది. 1 ఎంఎల్ వయల్ (టీకా సీసా) ఐదుగురికి, 0.5 ఎంఎల్ వయల్ ఇద్దరికి వస్తుంది. కలిపిన మందును 6–8 గంటల్లో వాడేయాలి. రోజుకు ఇద్దరే వచ్చే పల్లెలో 1 ఎంఎల్ వయల్ తెరిస్తే సగానికి పైగా పారబోయాల్సిందే. డోసుల లెక్కన ఇండెంట్ వేస్తే ఈ వృథా లెక్కకు రాదు, ఇరవయ్యో తారీకుకల్లా టీకా అయిపోతుంది. ‘ఐదుగురు పోగయ్యాక రండి’ అని తిప్పి పంపడమైతే ప్రాణాలతో చెలగాటమే. వయల్ ఎన్ని రోజులు తెరవాల్సి వస్తుందో చూసి అడగాలి. రోగులు తక్కువ ఉండే చోట్లకు చిన్న వయల్స్ పంపాలి.

మందుల స్టాకు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ ఈ-ఔషధి ఉంది కదా అనవచ్చు. ఉంది. కానీ సబ్‌సెంటర్‌కు పంపగానే, లేదా స్టోరు గది నుంచి కౌంటరుకు రాగానే ఖర్చు కింద రాసేస్తే అది రోగికి చేరిన లెక్క కాదు. ఫార్మసిస్టు పోస్టు ఖాళీగా ఉన్న చోట స్టాఫ్‌నర్సు వారానికోసారి ఎంట్రీ చేస్తుంది. అప్పటిదాకా అయిపోయిన మందు కూడా స్క్రీన్ మీద ఉన్నట్టే కనిపిస్తుంది. రోజువారీ ఎంట్రీ సక్రమంగా జరిగితే సున్నా స్టాకు రోజులను కంప్యూటరే లెక్కగడుతుంది. కొత్త ఫారాలు అక్కర్లేదు, ఇప్పటికే ఉన్నవి చాలు.

పంపిణీలో నేర్చుకోవాల్సింది జాంబియా నుంచి ఉంది. 2009–10లో అక్కడ రెండు పద్ధతులు పోల్చి చూశారు. ఒకదాంట్లో జిల్లా స్టోరు సరుకు నిల్వ చేసుకుని ఆరోగ్య కేంద్రాలకు పంచింది. రెండోదాంట్లో ప్రధాన డిపోలోనే ఒక్కో కేంద్రం పేరిట విడిగా ప్యాక్ చేశారు, జిల్లా స్టోరు దాన్ని విప్పకుండా ముందుకు పంపింది. కొరత ఎక్కువ తగ్గింది రెండో పద్ధతిలోనే. మన దగ్గర ఆ పని సెంట్రల్ డ్రగ్ స్టోర్ (పీహెచ్‌సీలకు మందులు పంపే ప్రభుత్వ గోదాం) స్థాయిలో చేయవచ్చు: పీహెచ్‌సీ పేరుతో పెట్టె కట్టి, ప్రకటించిన తేదీన ప్రభుత్వ వాహనంలో పంపాలి. పీహెచ్‌సీ వాళ్లే ఆటో మాట్లాడుకుని తెచ్చుకోవాల్సిన చోట ఎప్పుడు వీలైతే అప్పుడే మందు వస్తుంది. తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ 1995 నుంచి నడుపుతున్న పాస్‌బుక్ పద్ధతి కూడా చూడదగ్గది. ఒక్కో ఆస్పత్రికి ఇంత విలువ అని ముందే తెలుస్తుంది, ఆ హద్దులో ఏ మందు ఎంత కావాలో ఆస్పత్రే ఎంచుకుంటుంది.

గోదావరి ముంపు మండలాలకు ఈ ఏర్పాటు కూడా చాలదు. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. కూనవరం, వీఆర్‌పురం వంటి చోట్లకు అలాంటప్పుడు బండి వెళ్లదు. అక్కడ జూన్ 15 లోపు మూడు నెలల స్టాకు చేరాలి, అందులో పాముకాటు విరుగుడు తప్పక ఉండాలి. మొదటి విడతకే 8 నుంచి 10 వయల్స్ పడతాయి కాబట్టి, పది వయల్స్ ఉన్నాయంటే దాదాపు ఒక్క రోగికి సరిపడా ఉన్నట్టే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మందులు కొని పంపే వైద్య మౌలిక వసతుల సంస్థలకు ఒక మనవి. పీహెచ్‌సీల వారీగా ముఖ్యమైన ఇరవై మందులకు సున్నా స్టాకు రోజులను నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టండి. వచ్చే ఇండెంట్ ఫారంలో ‘నిరుటి ఖర్చు’ పక్కనే ఆ అంకెకు ఒక గడి ఇవ్వండి. అది నింపని ఇండెంట్‌ను సాఫ్ట్‌వేర్ తీసుకోకూడదు.

— విశ్రాంత ఫార్మసీ సూపర్‌వైజర్, కాకినాడ