ఇంట్లో ఎలుకలున్నాయా అని ముందే అడిగుంటే: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. చెనిక్కాయల మూటలు ఇంట్లోనే పేర్చుకుంటాం, పోయినేడు ఎలుకలు మరీ ఎక్కువైనాయి. ఆ రోజుల్లోనే మా నాయనకు జ్వరం పట్టుకుంది. విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు. పల్లెలో సూది వేయించాం, టౌనులో రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, సెలైన్లు ఎక్కించారు, నొప్పులకని బిళ్లలు రాశారు, అట్లా తొమ్మిది రోజులు పోయాయి. పదో రోజుకు మూత్రం దాదాపు ఆగిపోయింది, కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 6 దాటింది. షుగరూ బీపీ ఏవీ లేని మనిషికి డయాలసిస్!

అక్కడ ఒక డాక్టరమ్మ చొక్కా తీయించి, వీపు మీద సన్నని ఎర్ర మచ్చలు చూసి "మీ ఇంట్లో ఎలుకలున్నాయా?" అంది. అంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు సార్.

అది మ్యూరిన్ టైఫస్. పేరు దగ్గరగా ఉంది గానీ టైఫాయిడ్ కాదు. ఎలుకల ఒంటి మీద గెంతే చిన్న పురుగు కుట్టిన చోట గోక్కుంటే, దాని మలంలో ఉండే రికెట్సియా బ్యాక్టీరియా మన ఒంట్లోకి పోతుంది. సన్నని రక్తనాళాల గోడల్లో పెరిగి వాటిని పాడుచేస్తుంది, నీరు బయటికి ఊరిపోయి కిడ్నీలకు రక్తం చాలదు. చాలామందికి ఇంత దూరం రాదు. కానీ మందు ఆలస్యమై, పైగా కిడ్నీల మీద భారం వేసే నొప్పి బిళ్లలు కూడా తోడైతే మా నాయన గతే. టైఫాయిడ్‌కు వేసే సెఫ్ట్రియాక్సోన్ సూది దీనికి పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. అది చాలా చౌక మందు, 100 మిల్లీగ్రాముల బిళ్ల, రోజుకు రెండు. మూడో రోజుకే జ్వరం దిగింది. నాలుగు డయాలసిస్‌ల తర్వాత మూత్రం మళ్లీ వచ్చింది, ఇప్పుడు చేనికి పోతున్నాడు.

నేను అడిగేది ఒకటే. ఐదు రోజులు దాటిన జ్వరానికి మలేరియా, డెంగీ కాదని తేలితే, ఎలుకల సంగతి అడిగి, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టమని (గర్భిణులకు అజిత్రోమైసిన్ ఉంది), అదే రోజు క్రియాటినిన్ చూడమని ప్రతి పీహెచ్‌సీకి ఆర్డర్ ఇవ్వండి. ఇట్లాంటిదే ఇంకో జ్వరం, స్క్రబ్ టైఫస్‌కు కూడా మందు ఇదే కాబట్టి రెండింటికీ పనికొస్తుంది. ఇంకో మాట, పల్లెల్లో ఎలుకల మందు ఒక్కటే పంచితే చచ్చిన ఎలుకను వదిలి ఆ పురుగులు మనుషుల మీదికి వస్తాయి, ముందు పురుగుల మందు కొట్టించండి.

మా పక్క వీధిలో ఒకాయనకు వారం నుంచి జ్వరం, టైఫాయిడ్ మందులే వాడుతున్నారు. దయచేసి ఈ వారమే మా జిల్లా పీహెచ్‌సీల్లో డాక్సీసైక్లిన్ బిళ్లలు ఉన్నాయో లేదో అడిగించండి.