ఇంకో సీజన్ సిల్వర్‌లోనే

చిన్నీ,

ఇది తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో మొదలుపెడితే ఆఫీసు మెయిల్‌లా తయారవుతుంది, అసలు మాట బయటికి రాదు. ఆదివారం బడిలో నేర్చుకున్న ఒత్తులన్నీ ఇక్కడ నీకు ఎదురవుతాయి. అర్థం కాని మాట ఉంటే తాతయ్యకి వీడియో కాల్ చేసి అడుగు. ఆయనకి అంతకంటే సంతోషం ఇంకోటి ఉండదు.

మొన్న గురువారం కారులో నేనన్న మాట నన్నింకా వదల్లేదు. మీ ఈత క్లబ్బులో సిల్వర్ నుంచి పై మెట్టు గోల్డ్ గ్రూపుకి వెళ్ళేవాళ్ళ పేర్లు వచ్చాయి, అందులో నీ పేరు లేదు. నువ్వు తడి జుట్టు తుడుచుకోకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నావు. నేను నోరు మూసుకుని బండి నడపాల్సింది. అలా చెయ్యకుండా, "కేటీ లెడెకీ 15 ఏళ్ళకే ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చుకుంది, నీకప్పుడే 11 వచ్చేశాయి" అన్నాను. 2012లో లండన్‌లో ఆ అమెరికా ఈతగత్తె 800 మీటర్లు ఈదిన సంగతి నాకు చెప్పిందే నువ్వు. నువ్వు ప్రేమగా గోడకి అంటించుకున్న బొమ్మని పీకి నీ మీదే విసిరాను. తప్పు నాదే తల్లీ.

ఇంకొకటి నీకు తెలియదు. మర్నాడు నీ కోచ్‌ని పార్కింగ్‌లో ఆపి అడిగాను. నీ టైములన్నీ ఫోన్‌లో పట్టికలా రాసుకున్నాను కదా, అది చూపించాను. "50 గజాల ఫ్రీస్టైల్‌లో మా అమ్మాయికి డబుల్ బీ టైము ఉంది. గోల్డ్‌కి పంపిన ఇద్దరికి ఉత్త బీ మాత్రమే ఉంది. ఇదేం లెక్క?" అన్నాను. వెనక ఇంకో పిల్ల వాళ్ళ అమ్మ నిలబడి వింటోందని కూడా చూసుకోలేదు.

కోచ్ కోప్పడలేదు. ముందు నా గందరగోళం విడదీశారు. బీ, డబుల్ బీ, ఏ, అక్కణ్ణుంచి నాలుగు ఏల దాకా ఉన్న ఆ మెట్లు అమెరికా ఈత సంఘం యూఎస్ఏ స్విమ్మింగ్ వాళ్ళు వయసుని బట్టి, అమ్మాయిలకీ అబ్బాయిలకీ వేరువేరుగా పెట్టిన టైములు. ఒక రేసులో, ఒక రోజు, గడియారం చూపించిన అంకె. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, సీనియర్ అనేవి మాత్రం క్లబ్బువి, పేర్లు కూడా క్లబ్బు క్లబ్బుకీ మారతాయి. వారానికి ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గజాలు ఈదితే ఒక పిల్ల ఒళ్ళు తట్టుకుని నేర్చుకుంటుందో చూసి ఆ గ్రూపులు వేస్తారు. 50 గజాలు దూసుకుపోయే పిల్ల సిల్వర్‌లో ఉండొచ్చు, నింపాదిగా ఈదే పిల్ల గోల్డ్‌లో ఉండొచ్చు. నేను రెండిటినీ ఒకే నిచ్చెన అనుకుని నాలుగేళ్ళుగా లెక్కలు వేస్తున్నాను. నువ్వు 13లో పడగానే 13-14 వాళ్ళ టైములు నీకు వర్తిస్తాయి, ఈ రోజు డబుల్ బీ అయిన టైము ఆ రోజు కాకపోవచ్చు. అప్పుడు కూడా ఇలాగే గాభరా పడేదాన్నేమో.

ఆ తర్వాత తన నోటుబుక్ తీశారు. మొన్నటి టెస్ట్ సెట్, వంద గజాలు పదిసార్లు, నిమిషం 40 సెకన్లకొకటి బయల్దేరాలి. ఆ రోజు నేను పైన బెంచీ మీదే ఉన్నాను. గోడ మీద గడియారం ముల్లు 60 మీద బయల్దేరావు, తర్వాత 40, తర్వాత 20, మళ్ళీ 60. ఆ వరస నువ్వే నేర్పావు నాకు. మొదటివాటికి నీకు ఆరేడు సెకన్లు ఊపిరి పీల్చుకునే టైము దొరికింది. ఆరోదానికి అది రెండయింది. ఎనిమిదోది ముగించి 20 మీద మళ్ళీ బయల్దేరాలి, నువ్వు గోడ తాకేసరికి ముల్లు 23 మీద ఉంది, నీ లేన్‌లో ముందున్నవాళ్ళు అప్పటికే బయల్దేరిపోయారు. నువ్వు తల కూడా ఎత్తకుండా గోడని తన్ని వెళ్ళిపోయావు. పదీ పూర్తి చేశావు. నేను రాసుకున్నది మాత్రం ఒక్క ముక్క: "8వది మిస్."

కోచ్ పుస్తకంలో వేరే అంకెలు ఉన్నాయి. మొదటి వందలో ఒక్కో పొడవుకి నువ్వు వేసిన బారలు 17. నాలుగో వందలో 18. ఎనిమిదో వందలో 22. పక్కనే చిన్నగా "ఎడమ మోచెయ్యి" అని రాసుంది. అలిసిపోగానే నీ ఎడమ మోచెయ్యి నీళ్ళలో కిందికి జారిపోతోందట, చెయ్యి నీటిని పట్టుకోకుండా కోసుకుపోతోందట. "ఇప్పుడు గోల్డ్‌కి పంపితే వారానికి ఐదు రోజులు ఆ 22 బారల ఈతే ఈదుతుంది. ఒంటికి అదే అలవాటైపోతుంది. తర్వాత దాన్ని మాన్పించడం నా వల్ల కాదు" అన్నారు. బ్రెస్ట్‌స్ట్రోక్ మలుపులో రెండు చేతులూ ఒకేసారి తాకించడం కూడా నీకింకా పూర్తిగా చేతిలోకి రాలేదట. పోయిన మీట్‌లో నిన్ను డీక్యూ చేసి, ఆ రేసు లెక్కలోకి తీసుకోనిది దానికే కదా. సిల్వర్‌లో ఇవి సరిచేసుకోవడానికి తీరిక ఉంటుందిట. గోల్డ్‌లో సెట్లే సరిపోతాయిట.

నేను టైములు రాసుకుంటుంటే ఆవిడ నీ బారలు లెక్కపెడుతున్నారు. నాకు మాట రాలేదు.

నీకెప్పుడూ చెప్పలేదు కానీ, నాకు ఈత రాదు. రేపల్లె దగ్గర కాలవ ఒడ్డున పుట్టాను, అయినా రాదు. మీ మావయ్యలు నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని దూకేవాళ్ళు, నెల తిరిగేసరికి బుర్ర విప్పేసి అవతలి గట్టుకి పోయేవాళ్ళు. ఆడపిల్లవి నీకెందుకని నన్ను రేవు మెట్ల మీదే కూర్చోబెట్టేవాళ్ళు. మా వైపు నుంచే సైన్యంలోకి వెళ్ళిన షంషేర్ ఖాన్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున బటర్‌ఫ్లై ఈదాడని మీ తాతయ్య మావయ్యలకి చెబుతుంటే, నేను మెట్టు మీద కూర్చుని వినేదాన్ని. నీళ్ళు నా పాదాలదాకా వచ్చేవి, అంతే.

ఆ రేవులో కింది మెట్లకి పాకుడు పట్టి ఉండేది. బిందె ముంచడానికి దిగేటప్పుడు మా నాయనమ్మ నా జబ్బ పట్టుకుని, "ఈ మెట్టు మీద కాలు నిలదొక్కుకున్నాకే ఆ మెట్టు" అనేది. నేను తొందరపడి ఓసారి జారాను, బిందె కాలవలో కొట్టుకుపోయింది. కోచ్ పుస్తకం మూసి వెళ్ళిపోయాక నాకు గుర్తొచ్చింది ఆ బిందే. నీ ఈతని నేను చూస్తున్నది నీ కోసమా, మెట్ల మీద కూర్చున్న ఆ పిల్ల కోసమా అని ఆ రాత్రంతా ఆలోచించాను. రెండూ ఉన్నాయమ్మా. రెండోది నువ్వు మొయ్యక్కర్లేదు.

నీ నేస్తం గోల్డ్‌కి వెళ్ళిపోయిందని నీకున్న బాధ మాత్రం నేను తీర్చలేను. ఇద్దరూ ఒకే లేన్‌లో ఈదారు, ఒకే బ్యాగు రంగు కొనుక్కున్నారు. అది నిజంగా కష్టమే. వాళ్ళ అమ్మతో మాట్లాడాను, శనివారం సాయంత్రం మనింటికి వస్తుంది. ఈత గురించి నేనొక్క ముక్క ఎత్తను.

ఫోన్‌లో పట్టిక తీసేశాను. మీట్‌లకి వస్తాను, అరుస్తాను, అది మానను. ప్రాక్టీసులకి బెంచీ మీద కూర్చోనా, కారులో ఉండనా, నువ్వే చెప్పు. రెండూ నాకు ఇష్టమే.

సోమవారం సాయంత్రం ఐదున్నరకి సిల్వర్. నీ గాగుల్స్ రబ్బరు తెగేలా ఉంది, కొత్తవి బ్యాగు పక్క అరలో పెట్టాను. బిగువు ఒకసారి చూసుకో, ఎడమ వైపు కొంచెం వదులుగా ఉన్నట్టుంది.

ప్రేమతో,
అమ్మ