మౌస్ పాఠకుడి చేతిలోనే ఉండనివ్వండి

సంపాదకుడికి,

గ్రంథాలయాల్లో కంప్యూటర్ వాడుకునేవారికి పెట్టే అరగంట గడువు గురించి ఈ ఉత్తరం. నేను వారానికి రెండు సాయంత్రాలు ఒక గ్రంథాలయంలో కొత్తవారి పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్పుతుంటాను.

ఈమధ్య ఒక పెద్దాయన పింఛను దరఖాస్తు నింపడానికి వచ్చారు. మౌస్‌ను రెండుసార్లు నొక్కమంటే, మొదటి నొక్కుకూ రెండో నొక్కుకూ మధ్య చెయ్యి జరిగిపోయేది. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం కొట్టడం పట్టుబడేసరికి పావుగంట గడిచింది. తీరా ఓటీపీ వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఫోనుకు వెళ్లింది. ఆ కొడుకుకు ఫోను చేసి, అంకెలు చెప్పించుకుని ఒక్కొక్కటే కొడుతుండగా గడువు ముగిసి తెర మూసుకుపోయింది. నింపినదంతా పోయింది. "మళ్లీ మొదటి నుంచా అమ్మా?" అన్నారాయన. (ప్రింటర్ సంగతి ఇక ఎత్తను.)

పాఠకుడి కాలం ఆదా చేయాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. మన గడువు సరిగ్గా దానికి ఎదురు నడుస్తోంది.

ఇలాంటప్పుడు మౌస్ లాక్కుని మనమే నింపేయాలనిపిస్తుంది. మొదట్లో నేనూ అదే చేశాను. మరుసటి నెల వాళ్లే మళ్లీ వచ్చి, పదిమందిలో పాస్‌వర్డ్ పైకి చదివి, "మీరే కొట్టెయ్యండి" అనేవారు. ఆ అలవాటు నేర్పింది నేనే. ఇప్పుడు ఎంత ఆలస్యమైనా చేతులు కట్టుకునే కూర్చుంటున్నాను.

ప్రపంచంలో 260 కోట్ల మంది ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నారని ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024లో అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది ఉన్నచోటికి మొబైల్ సిగ్నల్ చేరుతూనే ఉంది. ఖర్చు భరించలేక కొందరు, వాడటం తెలియక కొందరు ఆగిపోయారు. ఖర్చు విషయంలో గ్రంథాలయాలు చేయగలిగినవి ఉన్నాయి: న్యూయార్క్‌లో పుస్తకాల్లాగే వైఫై పరికరాలనూ ఇంటికి అరువిచ్చారు. వాడటం నేర్పాలంటే మాత్రం మనిషి కావాలి. 2022లో సవరించిన యునెస్కో గ్రంథాలయ ప్రకటన (మేనిఫెస్టో) అన్ని వయసులవారికీ డిజిటల్ నైపుణ్యాలు అలవరచడాన్ని గ్రంథాలయాల పనుల్లో చేర్చింది. పని అన్నాక చేసేవారు ఉండాలి, వారికి జీతమూ ఉండాలి.

దరఖాస్తులు నింపేవారికి గంటన్నర ఇవ్వండి. ప్రతి పూటా ఒక ఉద్యోగికి ఈ బాధ్యతే అప్పగించండి. పోయిన నెల నాకు జ్వరం వచ్చి రెండు వారాలు వెళ్లలేదు. ఆ నాలుగు సాయంత్రాలూ కంప్యూటర్లు ఖాళీగానే ఉన్నాయట.

— ఒక పాఠకురాలు