స్లోలో ఇంజిన్ ఊగితే ముందే పంపు విప్పించకండి

సంపాదకులు గారికి,

పాత లారీ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) ఊగుతోందంటే చాలామంది ఓనర్లు బండ్ల మరమ్మతు షెడ్లుండే ఆటోనగర్‌కు తోలుకొచ్చి నేరుగా ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పంపు విప్పించేస్తున్నారు. డబ్బు దండగ. మెకానికల్ పంపు (కంప్యూటర్ లేని పాత రకం) బండిలో ముందు అనుమానించాల్సింది గాలిని. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ను లాగే చిన్న పంపు) దాకా పైపు డీజిల్‌ను పీల్చుకుంటుంది. అందుకే అక్కడ సన్న పగులుంటే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. ఫీడ్ పంపుకు ముందు అడుగు పొడవు తెల్ల ప్లాస్టిక్ పైపు తగిలించండి. బుడగలు కనిపిస్తే బాంజో బోల్టుల (పైపు చివర్లను బిగించే బోలు బోల్టుల) రాగి వాషర్లు, రబ్బరు పైపు మార్చాలి. తర్వాత ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిండు ధార వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి, ధార పడుతుండగానే బిగించాలి.

గాలి లేదా? ఇంజిన్ స్లోలో ఉండగా పంపు నుంచి ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్‌కు (డీజిల్ చిమ్మే నాజిల్ ఉన్న భాగానికి) వెళ్లే పైపు నట్టు అర చుట్టు వదలండి. పనిచేసే సిలిండర్ అయితే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. ఏ తేడా రాకపోతే తప్పు అక్కడే. ఆ ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. తప్పు దాంతోపాటు వెళ్తే నాజిల్, వెళ్లకపోతే టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గరి సందు), కంప్రెషన్ లేదా పంపులో ఆ సిలిండర్‌కు డీజిల్ పంపే భాగం. ఇంజెక్టర్ తీసిన ప్రతిసారీ కింది రాగి వాషర్ కొత్తదే వేయాలి.

స్లో స్క్రూ తిప్పి ఊపును దాచడం మరమ్మతు కాదు, డీజిల్ తగలేయడమే.

నట్టు వదిలేటప్పుడు చేతులు, ముఖం దూరంగా ఉంచండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే, ఇంకా ఎక్కువ ఒత్తిడి ఉండే కొత్త రకం) బండ్లలో ఈ నట్లు అసలు ముట్టుకోవద్దు.

– ఒక డీజిల్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ